26 అడుగుల స్లిప్‌లో ఎంత బోటు పడుతుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది. హ్యూస్టన్ పక్కన క్లియర్ లేక్‌లో మీకు ఒక స్లిప్, అంటే మెరీనా అనే బోట్ల రేవులో ఒక బోటు కట్టే చోటు, దొరికింది. కాగితం మీద 26 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, పైన రేకుల కప్పు. బోటు స్లిప్ దాటి బయటికి రాకూడదన్నది మెరీనా నియమం. మీకు నచ్చిన సెకండ్‌హ్యాండ్ బోటు 25 అడుగుల వాకరౌండ్, అంటే చిన్న క్యాబిన్, దాని చుట్టూ నడిచే దారి ఉన్నది. దానికి ముందు కొస దాటి పొడుచుకొచ్చే పుల్పిట్ అనే చిన్న వేదిక, వెనక బయట బిగించిన ఒక పెద్ద అవుట్‌బోర్డ్ ఇంజన్, బీమ్ (వెడల్పు) 9 అడుగుల 3 అంగుళాలు. వారాంతాల్లో ఇద్దరు పిల్లలతో గాల్వెస్టన్ బేలో చేపలు పట్టాలి, ఏడాదికి రెండు మూడుసార్లు జెట్టీలు (బే ముఖద్వారం దగ్గరి రాతి గట్లు) దాటి సముద్రంలోకి స్నాపర్ చేప కోసం వెళ్లాలి. 25 అడుగుల బోటు 26 అడుగుల స్లిప్‌లో పడుతుంది కదా అని అడిగారు.

పట్టదు. ఒక అడుగు మిగులుతుందని మీరు అనుకుంటున్నారు. నా లెక్క ప్రకారం నాలుగు అడుగుల పైనే బయటికి వస్తుంది. మీరు కొనకముందే అడిగారు కాబట్టి వివరంగా రాస్తాను. నాకు ఇవన్నీ కొన్న తర్వాతే తెలిశాయి.

నేను పుట్టి పెరిగింది భీమిలి దగ్గర. 2006 నుంచి లీగ్ సిటీలో ఉంటున్నాను, ఇప్పటికి మూడు బోట్లు మార్చాను. రెండోది 24 అడుగుల కడీ క్యాబిన్ (ముందు చిన్న గది ఉన్న బోటు). స్లిప్ కూడా దాదాపు మీ స్లిప్ లాంటిదే. బ్రోషర్‌లో 24 అని ఉంది, స్లిప్ 26, ఇంక ఆలోచించేది ఏముందని కొనేశాను. మొదటి రోజు లోపల కట్టి ఇంజన్ పైకి ఎత్తితే ప్రొపెల్లర్ దారిలోకి వచ్చేసింది. మెరీనా వాళ్లు రెండుసార్లు చెప్పి చూశారు. మూడోసారి ఇంజన్ నీళ్లలోకి దించి ఉంచండి, లేదా ఖాళీ చేయండి అన్నారు. దించి ఉంచాను. ఉప్పునీళ్లలో ఒక వేసవి గడిచేసరికి ఇంజన్ కింది భాగమంతా బార్నకిల్స్ అనే గుల్లలు పట్టేశాయి, నీళ్లు లాగే రంధ్రాలు మూసుకుపోయి ఒకరోజు బే మధ్యలో ఇంజన్ వేడెక్కి అలారం మోగింది. అప్పుడు నా భార్య, నాలుగేళ్ల పిల్ల బోటులో ఉన్నారు. టో బోటు వచ్చేదాకా రెండు గంటలు ఎండలో కూర్చున్నాం. తప్పు మెరీనాది కాదు, నేను కొలవకపోవడమే.

అందుకని మొదట పొడవు సంగతి చెబుతాను. మోడల్ పేరులో ఉండే అంకె బోటు పొడవు కాదు. 25 అని రాసి ఉన్నదాని పొడవు కొందరు తయారీదారుల దగ్గర 24 అడుగుల చిల్లర ఉంటుంది, కొందరి దగ్గర 26 దాటుతుంది. బ్రోషర్‌లో 'మొత్తం పొడవు' అని ఉన్నా అది ఎక్కువసార్లు హల్ (బోటు ఒళ్లు) పొడవే. పుల్పిట్ అందులో కలిపారా లేదా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఇంజన్‌ని దాదాపు ఎవరూ కలపరు. ఇంజన్ దించి ఉన్నప్పుడు ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) నుంచి వెనక్కి సుమారు రెండు అడుగులు వస్తుంది. పూర్తిగా ఎత్తితే సుమారు మూడు అడుగులు, పెద్ద వీ6, వీ8 ఇంజన్లయితే ఇంకొంచెం ఎక్కువ. ఉప్పునీళ్లలో ఉండే బోటుకు ఇంజన్ ఎత్తి ఉంచడం తప్పనిసరి. కాబట్టి మీరు చూడవలసిన పొడవు ఒక్కటే: ఇంజన్ పూర్తిగా ఎత్తి ఉన్నప్పుడు, ముందు కొస నుంచి వెనక కొస దాకా ఎంత అన్నది.

మీ బోటుకి ఈ లెక్క వేద్దాం. హల్ 25 అడుగులు. పుల్పిట్ ఒకటిన్నర అడుగు. ఎత్తిన ఇంజన్ మూడు అడుగులు. మొత్తం 29 అడుగుల 6 అంగుళాలు. బోటు ముందు కొస డాక్ గోడకి ఆనించి కట్టరు కదా, పోటుకీ అలలకీ కదలడానికి కనీసం తొమ్మిది అంగుళాలైనా ఖాళీ వదలాలి. మొత్తం 30 అడుగుల 3 అంగుళాలు. 26 అడుగుల స్లిప్‌లో దీన్ని పెట్టే మార్గం లేదు.

అదే లెక్క 22 అడుగుల హల్‌కి వేస్తే, పుల్పిట్ లేకపోతే, 25 అడుగుల 9 అంగుళాలు వస్తుంది. మూడు అంగుళాలు మిగులుతాయి. ఇది మీకు పైహద్దు. 21 అడుగులదైతే అడుగుం పావు మిగులుతుంది.

ఇక్కడ ఇంకో చోట చాలామంది దెబ్బతింటారు. ఈ ప్రాంతంలో 'బే బోటు' అంటే అందరికీ ఇష్టం. లోతు తక్కువ నీళ్లలో తిరుగుతుంది, పుల్పిట్ ఉండదు, కాబట్టి స్లిప్‌కి సరిపోతుందని అనుకుంటాం. కానీ టెక్సాస్‌లో సెకండ్‌హ్యాండ్ బే బోట్లలో చాలావాటికి ఇంజన్‌కీ ట్రాన్సమ్‌కీ మధ్య జాక్ ప్లేట్ బిగించి ఉంటుంది. అది ఇంజన్‌ని ఇంకో ఆరు, ఎనిమిది అంగుళాలు వెనక్కి జరుపుతుంది. ముందు వైపు నెమ్మదిగా కదలడానికి వాడే చిన్న ట్రోలింగ్ మోటార్ ఉంటుంది. మడిచి పెట్టినా దాని తల బోటు ముందు కొస దాటి అర అడుగు బయటికి చూస్తూ ఉంటుంది. ఈ రెండూ కలిస్తే 22 అడుగుల బే బోటు 26 అడుగుల 11 అంగుళాలు అయిపోతుంది, అంటే అదీ పట్టదు. అదే సామాను ఉన్న 21 అడుగుల బోటు 25 అడుగుల 11 అంగుళాలతో అంగుళం తేడాలో బయటపడుతుంది. బోటు రకం పేరు చూసి నిర్ణయించకండి, ఆ బోటుకే టేపు పెట్టండి.

స్లిప్‌కి కూడా టేపు పెట్టాలి. ఒప్పంద కాగితంలో 26 అని ఉంటే అది దేని నుంచి దేనికి కొలిచారో అడగండి. ఫింగర్ పియర్ (బోటు పక్కన నడిచే సన్నటి చెక్క దారి) పొడవా, డాక్ గోడ నుంచి బయటి గుంజ దాకానా, మెరీనా బోటును ఎక్కడి దాకా ఒప్పుకుంటుందో ఆ గీతా? నేను చూసిన స్లిప్పుల్లో ఫింగర్ పియర్ 22 అడుగులే ఉండి, గుంజ 26 దగ్గర ఉన్నవి ఉన్నాయి. అలాంటి చోట వెనక నుంచి దిగుదామంటే కాలు పెట్టడానికి చెక్క ఉండదు. పిల్లలతో దిగేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇక వెడల్పు. నన్నడిగితే పొడవు కంటే వెడల్పే ముఖ్యం. పొడవు ఎక్కువైతే మెరీనా వాళ్లు మొదటి వారమే చెప్పేస్తారు. వెడల్పు బిగుతైతే ఎవరూ ఏమీ చెప్పరు, మీరు ప్రతి వారం ఇబ్బంది పడతారు. మీ స్లిప్ 11 అడుగులు, అంటే 132 అంగుళాలు. మీరు చూసిన వాకరౌండ్ 111 అంగుళాలు. మిగిలేవి 21. రెండు వైపులా ఎనిమిది అంగుళాల ఫెండర్లు (రాపిడి తగలకుండా కాపాడే మెత్తలు) వేలాడదీస్తే మిగిలేది ఐదు అంగుళాలు. పక్కగాలిలో ఐదు అంగుళాల సందులోంచి రెండున్నర టన్నుల బోటును లోపలికి పోనివ్వడం చెయ్యి తిరిగినవాళ్లకే కష్టం. 8 అడుగుల 6 అంగుళాల బీమ్ ఉన్న బోటయితే 102 అంగుళాలు, ఫెండర్లు పోగా 14 మిగులుతాయి. ఈ తొమ్మిది అంగుళాల తేడాతోనే లోపలికి రావడం తేలికవుతుంది. మీ స్లిప్‌కి రెండు వైపులా ఫింగర్ ఉందా, లేక ఒకవైపు ఇంకొకరి బోటు ఉండి మధ్యలో గుంజ కూడా లేదా అన్నది మీరు రాయలేదు. రెండోదే అయితే 11 అడుగులన్నది కాగితం మీది సగం వాటా మాత్రమే. పక్క బోటు లావుగా ఉంటే మీ వాటా తగ్గుతుంది. ఈ రోజు పక్కన సన్నటి పడవ ఉండొచ్చు, వచ్చే ఏడాది ఎవరు వస్తారో తెలియదు.

ఆ 8 అడుగుల 6 అంగుళాలకు ఇంకో ప్రాముఖ్యం కూడా ఉంది. అమెరికాలో ప్రత్యేక పర్మిట్ లేకుండా రోడ్డు మీద ట్రైలర్‌తో లాగగలిగే వెడల్పు అంతే. తుఫాను మాట చెప్పేటప్పుడు దీనికి మళ్లీ వస్తాను.

లోతు గురించి ఇక్కడి కొత్తవాళ్లు అసలు అడగరు. గాల్వెస్టన్ బే సగటు లోతు ఏడు అడుగులే. మన తూర్పు తీరంలోలా చంద్రుణ్ణి చూసి ఆటుపోట్లు లెక్కకట్టే అలవాటు ఇక్కడ సగమే పనికొస్తుంది. ఇక్కడ చంద్రుడి పోటు మామూలుగా ఒక అడుగు తేడా చూపిస్తే, గాలి దానికి రెట్టింపు చూపిస్తుంది. చలికాలంలో ఉత్తరపు గాలి రెండు రోజులు గట్టిగా కొట్టిందంటే బేలోని నీళ్లను సముద్రంలోకి తోసేస్తుంది. ఒక జనవరి ఉదయం నేను మెరీనాకి వెళ్లేసరికి నా బోటు బురద మీద కూర్చుని ఉంది, తాళ్లు బిగుసుకుపోయి తాడు కట్టే క్లీట్ పెకలడానికి సిద్ధంగా ఉంది. ఇంజన్ దించితే దాని అడుగున రెక్కలా ఉండే స్కెగ్ నేరుగా బురదలోకి వెళ్లింది. మీరు చూసిన 25 అడుగుల డీప్-వీకి (హల్ అడుగు లోతైన వీ ఆకారంలో ఉన్నదానికి) ఇంజన్ దించితే సుమారు మూడు అడుగుల నీళ్లు కావాలి, బే బోటుకి రెండున్నర చాలు. కాబట్టి స్లిప్‌లో లోతు ఎంత అని ఆఫీసులో మాత్రమే అడగకండి. అదే వరుసలో పదేళ్లుగా ఉన్న బోటువాళ్లని, జనవరిలో నార్దర్ (ఆ ఉత్తరపు గాలి) వచ్చాక ఇక్కడ ఎంత నీళ్లుంటాయి అని అడగండి. వాళ్లు తడుముకోకుండా చెబుతారు.

దీనికి తిరగేసినది ఎత్తు. ఆగ్నేయపు గాలి రోజుల తరబడి వీస్తే నీళ్లు పైకి పొంగుతాయి. మీ స్లిప్‌కి కప్పు ఉంది, టెక్సాస్ ఎండకి అది గొప్ప వరం, వదులుకోవద్దు. కానీ టి-టాప్ (నడిపే చోట ఉండే పైకప్పు) ఉన్న బోటు నీటి మట్టం నుంచి ఎనిమిది అడుగుల దాకా ఉంటుంది, దాని మీద గేలపు కర్రలు నిలబెట్టే రాడ్ హోల్డర్లు, దీపం, యాంటెన్నా. కప్పు అడుగున దూలం ఎంత ఎత్తులో ఉందో మామూలు రోజున కొలిచి, అందులోంచి రెండు అడుగులు తీసేసి, మిగిలిన దాంట్లో బోటు పడుతుందో లేదో చూడండి. యాంటెన్నా మడిచే రకమైతే పర్వాలేదు. రాడ్లు హోల్డర్లలో నిలబెట్టి లోపలికి వచ్చి విరగ్గొట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

గాలి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మా ఊళ్లో వేటకి వెళ్లే పెద్దవాళ్లు పొద్దున్నే ఒడ్డున నిలబడి గాలి ఎటు నుంచో చూడకుండా తాడు విప్పేవాళ్లు కాదు. మెరీనాలోనూ అదే పద్ధతి. మీ స్లిప్ నోరు ఏ దిక్కుకి ఉంది? వేసవిలో ఇక్కడ మధ్యాహ్నానికి ఆగ్నేయపు గాలి లేస్తుంది. మీరు చేపలు పట్టి తిరిగి వచ్చేది సరిగ్గా ఆ సమయానికే, అప్పటికి పిల్లలు అలసిపోయి ఉంటారు. ఆ గాలి స్లిప్‌కి పక్కనుంచి తగిలితే ఎత్తైన క్యాబిన్ ఉన్న వాకరౌండ్ తెరచాపలా కొట్టుకుపోతుంది. పక్కలు తక్కువ ఎత్తున్న బే బోటు, సెంటర్ కన్సోల్ (మధ్యలో స్టీరింగ్ దిమ్మె ఉన్న తెరిచిన బోటు) అంత కొట్టుకుపోవు. ఎదురు వరుసకీ మీ వరుసకీ మధ్య దారి వెడల్పు కూడా అడుగులు వేసి చూసుకోండి. అక్కడి అతి పొడవు బోటుకి ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది మామూలుగా పాటించే కొలత. 26 అడుగుల బోట్ల వరుసకి అది 39 అడుగులు. అంతకంటే తక్కువుంటే ఒకే ఇంజన్ ఉన్న బోటును తిప్పడం కొత్తలో చాలా టెన్షన్ పెడుతుంది.

మరి ఏ బోటు తీసుకోవాలి? నా సలహా: 21 లేదా 21న్నర అడుగుల హల్, 8 అడుగుల 6 అంగుళాలకు మించని బీమ్, పుల్పిట్ లేనిది, ఒకే ఫోర్-స్ట్రోక్ అవుట్‌బోర్డ్. రకం విషయంలో మీకు రెండు దారులున్నాయి.

మొదటిది బే బోటు. మీరు చెప్పిన వాడకంలో పదింట తొమ్మిది వంతులు బేలోనే. రెడ్‌ఫిష్, స్పెకిల్డ్ ట్రౌట్, బ్లాక్ డ్రమ్, ఫ్లౌండర్, ఈ చేపల కోసం ఆయిస్టర్ రీఫ్‌ల (గుల్లల దిబ్బల) అంచులు, గడ్డి ఒడ్లు, లోతు తక్కువ చోట్లకే పోవాలి. అన్నట్టు రెడ్‌ఫిష్, ట్రౌట్, బ్లాక్ డ్రమ్ మూడూ మన కచిడి చేప కుటుంబానివే. చిన్న బ్లాక్ డ్రమ్ పులుసుకి ఎంత బాగుంటుందో ఒకసారి వండి చూడండి. బే బోటు హల్ అడుగు వెనక వైపు చదునుగా ఉంటుంది కాబట్టి నిలబడి గేలం వేసేటప్పుడు తూగదు, పిల్లలకి మంచిది. కష్టమంతా అలల్లోనే. ఏడు అడుగుల లోతు నీళ్ల మీద గంటకు ఇరవై మైళ్ల గాలి లేస్తే బేలో అలలు ఎత్తుగా ఉండవు గానీ దగ్గరదగ్గరగా, నిటారుగా వస్తాయి, హల్‌ని దడదడా కొడతాయి. అలాంటి రోజు ఇల్లు చేరేసరికి నడుము పట్టేస్తుంది.

రెండోది హల్ అడుగున 20 డిగ్రీలకు దగ్గరగా వీ ఆకారపు వాలు ఉన్న 21 అడుగుల సెంటర్ కన్సోల్. ఇది అలల్ని కోస్తుంది, ఓడలు నడిచే షిప్ చానెల్ దాటేటప్పుడు ట్యాంకర్ల వెనక లేచే పెద్ద అలలకి భయపడనవసరం లేదు, మంచి రోజు చూసుకుని జెట్టీలు దాటొచ్చు. నిలిచి ఉన్నప్పుడు కొంచెం తూగుతుంది, లోతు కొంచెం ఎక్కువ కావాలి. మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, టాయిలెట్ గురించే మీ ఆవిడ వాకరౌండ్ కావాలన్నారని రాశారు. ఆమె చెప్పింది న్యాయమైన మాట, దాన్ని పక్కన పెట్టకండి. 21 అడుగుల సెంటర్ కన్సోళ్లు కొన్నింటిలో కన్సోల్‌కి తలుపు ఉండి, లోపల పోర్టబుల్ టాయిలెట్ పెట్టేంత చోటు ఉంటుంది. పెద్దవాళ్లకి ఇరుకే, పిల్లలకి హాయిగా సరిపోతుంది. బోటు చూడ్డానికి వెళ్లినప్పుడు ఆమెను కూడా తీసుకెళ్లి ఆ తలుపు తీసి లోపల కూర్చుని చూడమనండి. అది కుదరకపోతే కుటుంబం రెండో వారం నుంచి రాదు. మీ కుటుంబానికి నేనైతే ఈ రెండో రకమే ఎంచుతాను.

స్నాపర్ కోసం పెద్ద బోటు కావాలన్న ఆలోచన మానేయండి. ఏడాదిలో మూడు రోజుల కోసం మిగతా రోజులన్నీ ఇబ్బందిపడే బోటును కొనడం అవుతుంది. క్లియర్ లేక్ బేలో కలిసే చోటున్న కీమా నుంచి జెట్టీల దాకానే ఇరవై మైళ్లకు పైన, ఆ తర్వాత సముద్రం. టెక్సాస్‌లో రాష్ట్ర జలాలు తీరం నుంచి 9 నాటికల్ మైళ్ల దాకా ఉంటాయి, మంచి స్నాపర్ దొరికే చోట్లు చాలావరకు అంతకంటే దూరం. గాల్వెస్టన్ నుంచి రోజువారీ పార్టీ బోట్లు (టికెట్ కొని ఎక్కేవి), చార్టర్లు (బోటు మొత్తం అద్దెకు తీసుకునేవి) వెళ్తాయి. మూడు రోజులూ వాటిలో వెళ్లండి. పెద్ద బోటుకయ్యే అదనపు ఖర్చులో అది చిన్న భాగం, పైగా ఆ చోట్లు తెలిసిన కెప్టెన్ దగ్గర నేర్చుకోవచ్చు.

వెతుకుతున్నప్పుడు 24 అడుగుల స్టెర్న్‌డ్రైవ్ బోట్లు మీ కంట పడతాయి. ఇంజన్ లోపల ఉంటుంది, వెనక ఎత్తాల్సింది తక్కువ, పొడవు లెక్క బాగానే కుదురుతుంది, ధర ఆశ పుట్టిస్తుంది. ఉప్పునీళ్ల స్లిప్‌లో పెట్టేందుకు మాత్రం తీసుకోకండి. వెనక ప్రొపెల్లర్ ఉండే డ్రైవ్ పూర్తిగా నీళ్ల పైకి రాదు, రాత్రింబవళ్లు ఉప్పులో నాని రబ్బరు బెల్లోలు (నీళ్లు లోపలికి రాకుండా ఆపే తొడుగులు), అల్యూమినియం రెండూ పాడవుతాయి. మంచినీటి చెరువుల్లో అవి ఎన్నో ఏళ్లు బాగా నడుస్తాయి. ఇక్కడ ఆ ఆయుష్షు ఉండదు. రెండు హల్‌లు ఉండే కాటమరాన్లు కూడా మీకు వద్దు. బేలో మెత్తగా పోతాయి గానీ, వెడల్పుతోనే మీ స్లిప్‌కి దూరమవుతాయి.

తుఫాను సంగతి. 2008 సెప్టెంబరు 13 తెల్లవారుజామున ఐక్ గాల్వెస్టన్ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత కీమా, సీబ్రూక్ మెరీనాల్లో బోట్లు ఒకదాని మీద ఒకటి గుట్టగా పడి ఉండటం నా కళ్లతో చూశాను. నా మొదటి బోటు చిన్నది, రెండు రోజుల ముందే ట్రైలర్ మీద లాక్కుని కాలేజ్ స్టేషన్‌లో స్నేహితుడి ఇంటి వెనక పెట్టాను. అదొక్కటే దాన్ని కాపాడింది. 2024 జూలైలో బెరిల్ వచ్చినప్పుడు కూడా అదే చేశాను. మీ మెరీనా ఒప్పందంలో తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు మీరేం చేయాలో రాసి ఉంటుంది, సంతకం చేయకముందే ఆ పేజీ చదవండి. 9 అడుగుల 3 అంగుళాల బోటును ఆ హడావుడిలో పర్మిట్ తీసుకుని లాగలేరు. 8 అడుగుల 6 అంగుళాలదాన్ని లాగగలరు, మీ దగ్గర సరైన బండి ఉంటే.

ఆ బండి లెక్క కూడా వేసుకోండి. 21 అడుగుల బోటు హల్ సుమారు 2,800 పౌండ్లు అనుకుంటే, ఇంజన్ 500, పెట్రోలు గ్యాలన్‌కి ఆరు పౌండ్ల చొప్పున 70 గ్యాలన్లు 420, ట్రైలర్ వెయ్యి, బ్యాటరీలు, లంగరు, సామాన్లు ఇంకో రెండు వందలు. దగ్గరదగ్గర 5,000. హోండా ఒడిస్సీ 3,500 పౌండ్లే లాగుతుంది. పెట్రోలు హైలాండర్ 5,000, అంటే సరిగ్గా అంచు మీద. ట్యాంకు ఖాళీ చేసి సామాన్లు దింపితే కుదురుతుంది గానీ తుఫాను ట్రాఫిక్‌లో ఆ అంచు నాకు ఇష్టం లేదు. పికప్ ఉన్న స్నేహితుణ్ణి ముందే మాట్లాడి పెట్టుకోండి. బోటుతోపాటు ట్రైలర్ కూడా తీసుకోండి, స్లిప్ ఉంది కదా ఎందుకని వదిలేయకండి.

నీళ్లలోనే ఉండే బోటుకి అడుగున గుల్లలు పట్టకుండా ఆపే యాంటీఫౌలింగ్ పెయింట్ ఉండాలి. ట్రైలర్ మీద పెరిగిన సెకండ్‌హ్యాండ్ బోటుకి అది ఉండదు, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. ఇంజన్ లోహం బదులు తామే అరిగిపోయే జింక్ ముక్కలు ఏడాదికోసారైనా మార్చాలి, సగం అరిగితే మార్చే అలవాటు చేసుకోండి. బోటు అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు, దాని ఫ్లోట్ స్విచ్ ప్రతిసారీ చేత్తో ఎత్తి పరీక్షించండి. ఇక్కడ ఒక్క రాత్రిలో కురిసే వానకే బోటు వెనక భాగం మునగగలదు. డాక్ నుంచి వచ్చే కరెంటు తీగ, బ్యాటరీ చార్జర్ మంచివి వాడండి. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక రాత్రి మంటలు లేచి పదుల సంఖ్యలో మరబోట్లు కాలిపోయాయి. పక్కపక్కనే కట్టి ఉన్న బోట్లలో మంట ఎంత వేగంగా పాకుతుందో ఆ దృశ్యాలు చూసినవాళ్లకి తెలుసు. ఫైబర్‌గ్లాస్, పెట్రోలు, దగ్గరగా కట్టిన వరుసలు, మెరీనాలోనూ అన్నీ అవే.

చట్టం గురించి క్లుప్తంగా. టెక్సాస్‌లో బోటుకీ అవుట్‌బోర్డ్‌కీ వేర్వేరు టైటిళ్లు (యాజమాన్య పత్రాలు) ఉంటాయి, రెండూ అమ్మేవాడి పేరు మీద ఉన్నాయో లేదో చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. 26 అడుగుల లోపు బోటు లంగరు వేయకుండా, ఒడ్డుకి కట్టకుండా నీళ్ల మీద ఉన్నంతసేపూ 13 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్‌జాకెట్ వేసుకునే ఉండాలి. ఇంజన్ కట్-ఆఫ్ స్విచ్ తాడు (నడిపేవాళ్లు పడిపోతే ఇంజన్ ఆపేది) నడిపేవాళ్లు తగిలించుకోవాలి, 2021 ఏప్రిల్ నుంచి ఇది ఫెడరల్ చట్టం కూడా. 1993 సెప్టెంబరు 1కి ముందు పుట్టిన వాళ్లకి బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి కాదు, అయినా మీరూ మీ ఆవిడా ఇద్దరూ చేయండి. మీకు ఏమైనా అయితే బోటును ఒడ్డుకి తేగలిగే రెండో మనిషి బోటులో ఉండాలి.

మీ మనసు ఆ 25 అడుగుల బోటు మీదే ఉంటే స్లిప్ మార్చండి, బోటును ఆ స్లిప్‌లో ఇరికించకండి. 30 అడుగుల స్లిప్ కూడా దానికి చాలదని పైన లెక్కలో చూశారు, 32 లేదా 35 కోసం పేరు రాయించుకోవాలి. లేదంటే డ్రై స్టాక్ ఉంది. ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తి అరలో పెడతారు, అడుగున ఆ పెయింట్ అక్కర్లేదు, ముందు రోజు ఫోన్ చేస్తే పొద్దున్నే నీళ్లలో దింపి ఉంచుతారు. కానీ వాళ్లకీ పొడవు, ఎత్తు, బరువు పరిమితులు ఉంటాయి. సాయంత్రం ఆఫీసు అయ్యాక అరగంట గేలం వేసొద్దామంటే అంత తేలిక కాదు. మీకు ఇంటికి పది నిమిషాల్లో కప్పున్న స్లిప్ దొరికింది. నా అనుభవంలో బోటు ఎంత పెద్దదన్నది కాదు, ఎంత తేలిగ్గా బయటికి తీయగలం అన్నదే వారానికి ఎన్నిసార్లు వాడతామో నిర్ణయిస్తుంది.

చివరిగా, డబ్బు ఇచ్చేముందు చేయవలసిన కొలత. ట్రైలర్ మీద బోటు చదునైన నేల మీద ఉండాలి. ఇంజన్ పూర్తిగా ఎత్తమనండి. దారానికి ఒక నట్టు కట్టి ముందు అన్నిటికన్నా బయటికి వచ్చిన చోటు నుంచి వేలాడదీసి నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి. వెనక ప్రొపెల్లర్ లేదా స్కెగ్, ఏది ఎక్కువ బయటికి ఉంటే దాని దగ్గరా అలాగే చేయండి. రెండు గుర్తుల మధ్య టేపు పరచండి. వెడల్పు కొలిచేటప్పుడు రబ్ రెయిల్ (బోటు పక్కల చుట్టూ ఉండే రాపిడి పట్టీ) బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలవండి. 25 అడుగుల 3 అంగుళాలు, 8 అడుగుల 6 అంగుళాలు, ఈ రెండింటి లోపల ఉంటే బోటు తనిఖీ చేసే సర్వేయర్‌ని పిలవండి, నీళ్లలో నడిపి చూసే సీ ట్రయల్‌కి వెళ్లండి. ఏ ఒక్కటి దాటినా అమ్మేవాళ్లకి నమస్కారం చెప్పి ఇంకో బోటు చూడండి. మే నెల వచ్చిందంటే ఇక్కడ ధరలు ఎక్కుతాయి, అక్టోబరు తర్వాత చాలామంది అమ్మేస్తారు, కాబట్టి తొందర పడనవసరం లేదు. ఈలోగా ఆ స్లిప్ అద్దె కట్టి పట్టుకుని ఉంచండి.